మా అన్న ఆ రోజు చెప్పింది

ఆ వేసవిలో మేము నలభై ఆరు రోజుల్లో ముప్ఫై ఒక్క ఊళ్ళలో పాడాం. వాటిలో సగం ఊళ్ళ పేర్లు ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఫ్రాన్సులోని నాంత్ మాత్రం మరిచిపోలేదు. అక్కడ ఒక ప్రాథమిక పాఠశాల తరగతి గదిలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో కూర్చుని, మా అన్న చెప్పిన మాటను నేను మార్చి చెప్పాను.

అల్జీరియా ఎడారిలోని మా ఊరు తమన్‌రాసెత్‌లో మా అన్నను అందరూ ఉదాద్ అనే పిలుస్తారు. కొండగొర్రె అని అర్థం. చిన్నప్పుడు బడి గోడ దూకి కొండల్లోకి పారిపోయేవాడు, ఆ పేరు అలా అతుక్కుపోయింది. కొండల్లో గిటారు నేర్చుకున్నాడు గానీ ఫ్రెంచి ముక్క అంటలేదు. నేను కుదురుగా బడికెళ్ళి చదువుకున్నాను. అందుకే అతని బృందంలో నాకు రెండు పనులుండేవి. వేదిక మీద చప్పట్లు కొడుతూ వంతపాట పాడాలి. వేదిక దిగాక, ఎవరు ఏమడిగినా అతని తరఫున మాట్లాడాలి. గోడల మీద అంటించిన పోస్టర్లలో అతని తలగుడ్డ, ముక్కు మీదుగా కప్పిన ముసుగు, మధ్యలో రెండు కళ్ళు, అంతే ఉండేవి. అక్కడి జనం ఆ కళ్ళ కోసం వరసకట్టి నిలబడేవారు. ఎడారి రాక్ అనేవారు మా సంగీతాన్ని.

ఆ ఏడాది ఏ ఊళ్ళో పాడినా ఒక పాటను అడిగి మళ్ళీ పాడించుకునేవారు. లారీ మీద నాలుగు నెలలు తిరిగి ఇంటికొచ్చిన మనిషి పాట అది.

గుమ్మం బయట నా చెప్పులు,
గుమ్మం బయట నా టీ కెటిలు,
ఎండ నాకంటే ముందే వచ్చి
వాటి పక్కన కూర్చుంది.

ఆ గుమ్మం మా ఇంటిది. చెప్పులు బయటపెట్టింది నేను. పాట కట్టింది గుమూర్, నా మాజీ భర్త, నా కూతురు కెల్లాకు తండ్రి.

మాలో ఇల్లు ఆడదానిది. పెళ్ళి తెగితే సామాను సర్దుకుని వెళ్ళేది మగవాడే, అందులో ఎవరికీ తప్పు కనిపించదు. కానీ గుమూర్ చూపు పోతోందని, ఇక లారీ నడపలేడని డాక్టరు చెప్పిన ఏడాదే నేను అతని చెప్పులు బయటపెట్టాను. కళ్ళ వల్ల కాదని అందరితో అన్నాను. ఏడాదికి ఎనిమిది నెలలు ఇంట్లో ఉండని మనిషితో కాపురం చేయడం అలవాటైపోయింది, ఇప్పుడు పొద్దస్తమానం ఎదురుగా ఉంటే నావల్ల కాలేదు అన్నాను. అది నిజమో కాదో నాకే సరిగ్గా తెలియదు.

అన్న ఆ పాట ఎత్తుకున్నప్పుడల్లా నేను వెనకాల నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని. బేస్ గిటారు వాయించే హమ్మా మాకు మేనబావ. వేళాకోళం ఆడే హక్కు వరసలోనే ఉంది కాబట్టి వదిలేవాడు కాదు.

"కాస్త గట్టిగా కొట్టు రైషా. నీ మీద కట్టిన పాట, నువ్వే ఇలా నీరసంగా కొడితే ఎలా?"

"నీ మీద తిట్టు పాట కట్టేవాళ్ళు కూడా లేరు. వాయించుకో."

నవ్వుతూనే అనేదాన్ని. ఆ వేసవి చాలాసార్లు అలా నవ్వాను.

*

నాంత్‌లో సంగీతోత్సవం వేదికను ఆ బడి వెనక వేశారు. సెలవులు కదా, తరగతి గదులే మాకు విడిది. మధ్యాహ్నం మూడింటికి టీవీ వాళ్ళొచ్చారు. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి ఒకతి, కెమెరా మనిషి ఒకడు. వాళ్ళ కంటే ముందు మా మేనేజరు ఓడిల్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. యాభై దాటిన మనిషి, మా కోసం వీసా కచేరీల్లో గంటలు గంటలు నిలబడ్డ మనిషి.

"రైషా, తేలిగ్గా, చిన్నగా చెప్పు. మొన్నటిలా ఎవరి బావ ఎవరో, ఎవరి మేనత్త ఎవరో చెప్పకు. చూసేవాళ్ళకి ఒక్క మనిషి గుర్తుంటే చాలు."

ఆ మాటను తర్వాత చాలా రోజులు అడ్డం పెట్టుకున్నాను. ఓడిల్ చెప్పింది కాబట్టే అలా చేశానని. నిజానికి ఓడిల్ నన్ను అబద్ధమాడమని అనలేదు.

ఇంటర్వ్యూ చక్కగానే మొదలైంది. గోడల మీద పిల్లలు వేసిన చేపల బొమ్మలున్నాయి. అన్న వాటికేసి చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ మీకు నచ్చనిదేమిటని అడిగిందా అమ్మాయి.

"టీ," అన్నాడు అన్న. "ఒక్క గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. మిగతా రెండు గ్లాసులూ ఎప్పుడిస్తారా అని ముప్ఫై రోజుల్నుంచి ఎదురుచూస్తున్నా."

మాలో టీ అంటే వరసగా మూడు గ్లాసులు. ఉన్నదున్నట్టు చెప్పాను. కెమెరా మనిషి కూడా నవ్వాడు. నేను పని చేతకానిదాన్ని కాదు.

అప్పుడడిగింది. "గుమ్మం బయట చెప్పుల పాట విని మా ఆఫీసులో ఇద్దరు ఏడ్చారు. ఆ పాట ఎలా పుట్టింది? ఆ ఇంట్లోని ఆడమనిషి ఎవరు?"

నేను ప్రశ్నను మా భాషలో చెప్పాను. ఆ రెండో ముక్క కూడా చెప్పాను, గొంతు మారకుండానే. అన్న ముందుకు వంగి, చేతులు రెండూ కలిపి పట్టుకున్నాడు. మాటలు వెతుక్కునేటప్పుడు అలా చేస్తాడు.

"గుమూర్ రాశాడు. మేం రికార్డు చేసిన పదకొండు పాటల్లో ఏడు గుమూర్‌వే. ఇద్దరం ఒకే గిటారు మీద నేర్చుకున్నాం, పగలు వాడు, సాయంత్రం నేను. ఇప్పుడు వాడికి చూపు లేదు, అందుకే రాలేదు. నేను పాటలు మోసుకొచ్చేవాణ్ణి, అంతే. ఇక ఆ ఆడమనిషి సంగతి. అది వాళ్ళిద్దరి మధ్య మాట. ఆమె చెడ్డదని పాటలో ఎక్కడా లేదు. ఎవరూ అలా అనుకోకూడదని చెప్పు."

చివరి మాట అంటున్నప్పుడు నా వైపు చూశాడు. ముసుగు పైన కళ్ళు నవ్వుతున్నాయి. చెల్లెలికి అండగా ఒక మాట చెప్పానన్న తృప్తి ఆ కళ్ళలో ఉంది.

నాకు మాత్రం తర్వాతి ప్రశ్నలు వినిపించాయి. గుమూర్ అంటే ఎవరు? గుడ్డివాడా? పాటలో భర్త ఆయనేనా? ఆ భార్య ఇప్పుడెక్కడుంది? కెమెరా ఇలా తిరుగుతుంది, నా మీదికి. చూపు పోతున్న మొగుణ్ణి బయటికి పంపి, ఇప్పుడు ఆ పాటకే చప్పట్లు కొడుతూ దేశాలు తిరుగుతున్న ఆడది ఇదిగో అని.

"అది మా ఎడారిలో పాత పాట," అన్నాను ఫ్రెంచిలో. "ఎవరు కట్టారో, ఆ ఆడమనిషి ఎవరో ఎవరికీ తెలీదు. మిగతా పాటలు మాత్రం తనకి కొండల్లో ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చాయంటున్నాడు."

ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. వెంటనే చిన్నగా నవ్వింది. "ఆయన అంతసేపు మాట్లాడారు. మీరు ఇంతే చెప్పారేం?"

"మా భాషలో మాటలు పొడుగు," అన్నాను.

"చెప్పావా?" అని అన్న అడిగాడు.

"చెప్పాను."

"చెడ్డది కాదన్నది కూడా?"

"అదీ చెప్పాను."

సరేనని తలూపి, మళ్ళీ చేపల బొమ్మల వైపు చూశాడు.

*

ఆగస్టు నడిమధ్యలో ఆ కార్యక్రమం వచ్చింది. మేమప్పుడు ఇంకో దేశంలో ఉన్నాం. రెండు రోజులాగి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది.

"చూశాం. వీధి వీధంతా మన వాకిట్లోనే. ఉదాద్ చిక్కినట్టున్నాడే. సరిగ్గా తింటున్నాడా?"

"తింటున్నాడు. కెల్లాకి ఇవ్వమ్మా."

"వాళ్ళ నాన్న దగ్గరుంది."

"గుమూర్ కూడా చూశాడా?"

"చూసేదేముంది వాడు? విన్నాడు," అంది అమ్మ. ఆ తర్వాత వాగు పొంగిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ వారమే, బస్సు పొద్దుతిరుగుడు చేల మధ్య నుంచి వెళుతుండగా, ఓడిల్ కాగితాలు తీసుకొచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. వసంతంలో రికార్డు చేసిన పాటల సీడీ సిద్ధమవుతోంది, అట్ట అచ్చుకు వెళ్ళాలి.

"రచన దగ్గర టీవీలో చెప్పినట్టే వేయించనా? చెప్పుల పాట పాతది, మిగతా పదీ ఉదాద్‌వి?"

రెండు వరసల ముందు అన్న కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నాంత్‌లో ఆలోచించుకునే వ్యవధి లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇక్కడ ఓడిల్ పెన్ను మూత తీసి పట్టుకుని, తొందర లేదన్నట్టు చూస్తోంది. కావలసినంత వ్యవధి ఉంది.

"వేయించు," అన్నాను.

*

ఉపవాసాల నెల మొదలవడానికి వారం ముందు ఇల్లు చేరాం. కెల్లా ఎదురు రాలేదు. గదిలో దాని పుస్తకాల సంచీ, దుప్పటి లేవు.

"సెర్సూఫ్‌లో వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉంటానంది," అమ్మ నీడన కూర్చుని ఖర్జూరాలు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. "నాన్నకి చూపు లేదు, ఎవరో ఒకరు ఉండాలి కదా అంది. పదకొండేళ్ళ పిల్లకి నేనేం చెప్తాను?"

"ఉన్నట్టుండి ఎందుకు?"

"టీవీ చూసిన రోజు నుంచే." ఒక పుచ్చు ఖర్జూరం పక్కకి విసిరింది. "అది ఫ్రెంచి విని మాకందరికీ మన భాషలో చెబుతోంది. గొంతు గట్టిగా, పంతులమ్మలా. పాటలు కొండల్లో ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చాయట అని చెప్పింది. గుమూర్ తలెత్తాడు. 'ఉదాద్ నా పేరు అన్నాడే' అన్నాడు. 'లేదు నాన్నా, మామ నీ పేరే ఎత్తలేదు, నేను మొత్తం విన్నా' అంది అది. వాడు 'అయితే నేనే తప్పుగా విన్నానేమో' అన్నాడు. ఉదాద్ గొంతు బాగుందన్నాడు, టీ తాగాడు, వెళ్ళాడు. వెనకాలే అదీ వెళ్ళింది."

అమ్మ అప్పుడు నా మొహంలోకి చూసింది. నేను లేచి, అవసరం లేకపోయినా నీళ్ళ కుండ కడగడం మొదలుపెట్టాను.

అన్న స్నానం కూడా చేయకుండా తిన్నగా గుమూర్ ఇంటికే వెళ్ళాడు. కొత్త తీగలు, ఒక చిన్న టేప్ రికార్డరు, కెల్లాకి ఎర్ర వానకోటు పట్టుకెళ్ళాడు. "ఏడాదికి మూడు వానలు, దానికో కోటా?" అని అమ్మ నవ్వింది. సాయంత్రం అన్న ఆ కోటు చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"గుమూర్ బాగున్నాడు. రెండు కొత్త పాటలు వినిపించాడు," అన్నాడు. తర్వాత కోటును మెల్లగా మడతపెడుతూ, "పిల్ల ఇది తీసుకోలేదు. నాతో మాట్లాడనే లేదు. ఎందుకంటావు?"

"పెద్దదవుతోంది కదా," అన్నాను.

*

మర్నాడు కెల్లా బడిలో ఉండే వేళ చూసుకుని సెర్సూఫ్ వెళ్ళాను. గుమూర్ వాకిట్లో నిప్పుల మీద కెటిల్ పెట్టుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"రా, రైషా. చాప నీ ఎడమ పక్కనుంది."

మొదటి గ్లాసు పోసి ఇచ్చాడు. ఒక్క చుక్క కింద పడలేదు. నేను దారంతా వేరే మాటలు కూడబలుక్కున్నాను.

"అన్న నీ పేరు చెప్పాడు," అన్నాను చివరికి.

"తెలుసు. విన్నాను." కెటిల్ మళ్ళీ నిప్పుల మీద పెట్టాడు. "అందరూ టీవీ చూస్తున్నారు. నేను వింటున్నాను. వాళ్ళు వేరే మగగొంతు పైన పెట్టారు గానీ ఉదాద్ గొంతు పూర్తిగా తీసేయలేదు. కింద సన్నగా ఉంది. 'గుమూర్' అన్నాడు, రెండుసార్లు. 'ఏడు' అన్నాడు. చివర్లో చెడ్డది కాదని ఏదో అన్నాడు. అది నీ గురించేనా?"

"నా గురించే."

"మంచి మాట అన్నాడు."

"మరి కెల్లాతో తప్పుగా విన్నానని ఎందుకన్నావు?"

"వీధి మొత్తం ఉంది అక్కడ. వాళ్ళందరి ముందు, మీ అమ్మ బొంకింది అని పిల్లతో ఎలా అంటాను?"

గ్లాసు నా చేతిలో చల్లారిపోతోంది. "అన్నకి చెప్పావా?"

"చెప్తే వాడు నిన్ను మళ్ళీ తీసుకెళ్ళడు. నువ్వు లేకపోతే అక్కడ వాడికి నోరెక్కడిది? పాటలు వెళ్ళాలి కదా, రైషా. నేను వెళ్ళలేను."

ఏ మాత్రం కోపంతో అన్నా తట్టుకునేదాన్ని. సీడీ అట్ట సంగతి చెప్పాను. అది మాత్రం అతనికి తెలియదు. నిప్పులు సవరించాడు.

"ఏడూనా?"

"ఏడూ."

"చెప్పుల పాట కూడా?"

"ఎవరు రాశారో తెలియదని వేశారు."

ఒక్కసారి తల పంకించాడు. రెండో గ్లాసు పోశాడు. ఈసారి రెండు చుక్కలు గ్లాసు పక్కన పడ్డాయి.

"ఒక్కటి చెయ్యి," అన్నాడు. "కెల్లాకి నువ్వే చెప్పు. అది వాళ్ళ మామని అసహ్యించుకుంటోంది. నేను ఎంత చెప్పినా, నాకు ఫ్రెంచి వచ్చు, నీకు రాదు అంటోంది."

చెబుతానన్నాను. చెప్పలేదు. ఉపవాసాల నెల మొదలైంది. ఇవాళ దాహంగా ఉంది, ఇవాళ పిల్లకు పరీక్ష, ఇవాళ ఇంట్లో మనుషులున్నారు. అలా ముప్ఫై రోజులు గడిచిపోయాయి. ప్రతి సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు అన్న ఖర్జూరం చేతిలోకి తీసుకుని వాకిలి వైపు ఒకసారి చూసేవాడు, పిల్ల వస్తుందేమోనని.

*

పండగ రోజు మధ్యాహ్నం అమ్మ కబురు పెట్టింది కాబట్టి కెల్లా వచ్చింది, తండ్రి చెయ్యి పట్టుకుని. అమ్మకి చెయ్యి ముద్దు పెట్టుకుంది. నాకు పెట్టింది. హమ్మాకి పెట్టింది. మా అన్న ముందు ఆగకుండా దాటి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

"నేనేం చేశాను తల్లీ?" అన్నాడు అన్న.

కెల్లా నేల చూస్తూ అంది. "నాన్న పాటలు నీవని టీవీలో చెప్పావు."

"నేనా?"

"నేను విన్నాను. కొండల్లో ఒంటరిగా వచ్చాయని చెప్పావు."

అన్న నా వైపు చూడలేదు. కెల్లా వైపు చూశాడు, తర్వాత గుమూర్ వైపు. గుమూర్ తలవంచుకున్నాడు. మాంసం కోస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. అప్పటికే అన్నకి అర్థమైపోయిందని నాకు తెలుసు. అయినా నన్ను అడగకుండా ఊరుకున్నాడు. అడిగి ఉంటే ఇంకా తేలికయ్యేది.

"మామ అలా అనలేదు, కెల్లా," అన్నాను. "నేనన్నాను."

ఆ రోజు ఆ గదిలో అన్న చెప్పిన మాటలు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒకే గిటారు, పగలు ఒకరు, సాయంత్రం ఒకరు. పదకొండులో ఏడు. మోసుకొచ్చేవాణ్ణి అంతే. ఆమె చెడ్డది కాదు. ఒక్క మాట కూడా పోకుండా గుర్తుంది నాకు, ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నేను ఫ్రెంచిలో ఏమన్నానో అదీ చెప్పాను. బస్సులో ఓడిల్ సంగతి కూడా చెప్పాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. హమ్మా సైతం ఏ వేళాకోళమూ ఆడలేదు. కెల్లా లేచి మామ దగ్గరికి వెళ్ళి అతని చెయ్యి ముద్దు పెట్టుకుంది. నా పక్కనుంచే వెళ్ళింది, కానీ దాని బట్టల అంచు కూడా నాకు తగల్లేదు. అన్న ముసుగు కళ్ళ దాకా పైకి లాక్కున్నాడు. అమ్మ మళ్ళీ కత్తి అందుకుని, "చల్లారిపోతుంది, తినండి," అంది.

మర్నాడు ఓడిల్‌కి ఫోన్ చేశాను. అంతా విని అడిగింది.

"ఎందుకు చేశావు?"

"ఆ పాట నా మీద కట్టింది."

"అట్టలు అంగళ్ళలోకి వెళ్ళిపోయాయి, రైషా. మళ్ళీ వేస్తే మారుస్తాను." ఆగి అంది, "టీవీ వాళ్ళకి రాస్తాను గానీ, వాళ్ళు దాన్ని మళ్ళీ వేయరు."

వేయలేదు. అట్ట మాత్రం ఏడాదిన్నర తర్వాత మారింది. మొదటిసారి కొన్నవాళ్ళ ఇళ్ళలో మాత్రం నేను చెప్పిందే ఉంది.

పండగైన నాలుగో రోజు కెల్లా మా ఇంటికి వచ్చింది. దుప్పటి, సంచీ తేలేదు. బడి పుస్తకం ఒకటి తెచ్చింది. నేను వంటింట్లో పిండి పిసుకుతున్నాను. గోడకి అటుపక్క వాకిట్లో అన్న గొంతు వినిపించింది.

"నాకు ఫ్రెంచి నేర్పుతావా తల్లీ? వచ్చే వేసవికి కాస్తయినా రావాలి."

"వస్తుంది మామా. ముందు అక్షరాలు."

"అక్షరాలు తర్వాత. ముందు ఒక్క వాక్యం నేర్పు."

ఏ వాక్యమో కెల్లా అడగలేదు. ఒక్కో మాట విడదీసి పలికింది. ఈ పాట గుమూర్ రాశాడు. అన్న బొంగురు గొంతుతో, బడి ఎగ్గొట్టిన నలభై ఏళ్ళ మనిషి నాలుకతో, దాని వెనకే పలికాడు. తడబడ్డాడు. మళ్ళీ పలికాడు. ఒక మాట చివర రాసినా పలకకూడని అక్షరాన్ని ఇద్దరూ పలుకుతున్నారు. కెల్లాకీ అది తెలిసినట్టు లేదు. నాకు తెలుసు. గుమ్మం దాకా వెళ్ళి చెబితే సరిపోతుంది.

చేతులు పిండిలోనే ఉంచుకుని, వాళ్ళు దాన్ని అలాగే, తప్పుతోనే, పదిసార్లు పలకడం విన్నాను.